పొత్తిగుడ్డల్లో పదిమంది బిడ్డలు



మాది ఆళ్ళగడ్డ నుండి అహోబిలం పోయే దారికి దగ్గరలో ఉన్న పల్లె విచారణ. మొన్న ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి ముందర వేపచెట్టు కింద మా బడిపిల్లలు ఒక బల్ల వేశారు. దాని మీద ప్రమిదలు, చిన్న చిన్న మూకుళ్ళు, క్రిస్మస్ పాకలో పెట్టే గొర్రెలు, కాపరులు, మరియతల్లి ఒడిలో బాలయేసు. అన్నీ వాళ్ళ చేతులతో చేసినవే. ఊరి కుమ్మరి పెద్దాయన సాయంత్రాలు వచ్చి చెరువుమట్టి తొక్కడం, పిసకడం, సారె తిప్పడం నేర్పించారు. ఆయన మన మతస్థుడు కాడు, అహోబిలం తిరునాళ్ళకు కుండలు తోలే ఇంటివాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. వచ్చిన డబ్బు మఠకన్యలు నడిపే పసిపిల్లల ఆశ్రమానికి పోతుందని పిల్లలు అట్టముక్క మీద రాసి కట్టారు. రెండు బస్తాల బియ్యానికి సరిపడా డబ్బు చేరింది.

అప్పుడు ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది. పదో తరగతి పరీక్షలు ముంచుకొస్తుంటే పిల్లల చేత ఈ మట్టిపని ఏమిటని, ఆశ్రమానికి డబ్బు కావాలంటే వెనకటి ఫాదరుల లాగా దాతలకు ఉత్తరం రాస్తే సరిపోదా అని. ఆ తల్లి అడిగిన తీరులో కోపం లేదు, బిడ్డ చదువు గురించిన భయం ఉంది. నిలబడి చెప్పే సంగతి కాదు, పత్రికలో రాస్తాను అన్నాను. అందుకని ఈ వారం మీకు ఒక మట్టిపనివాని జీవితం చెబుతాను. ఆయన పేరు ఆండ్రియా దెల్ల రోబ్బియా. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరవాసి. కన్నుమూసి అయిదు వందల ఏళ్ళయింది.

ఆండ్రియా కథ ఆయన చిన్నాన్న దగ్గర మొదలుపెట్టాలి. చిన్నాన్న పేరు లూకా. 1400 ప్రాంతంలో పుట్టారు. లూకా మొదట రాతిపనివాడు. మన ఆళ్ళగడ్డ శిల్పుల వీధిలో నడిచినవారికి ఆ బతుకు తెలుసు. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, ఒంటి నిండా రాతిదుమ్ము, ఒక్క విగ్రహానికి నెలలు. 1431 నుండి 1438 వరకు ఆయన ఫ్లోరెన్సు మహాదేవాలయంలో పాటగాళ్ళ వేదికకు పాలరాతి పలకలు చెక్కారు. చివరి కీర్తనలో చెప్పిన వాయిద్యాలన్నిటితో పిల్లలు పాడుతూ, గెంతుతూ దేవుని స్తుతించే దృశ్యాలవి. అందులో ఒక పిల్లవాడు నోరు తెరిచి పాడుతుంటే వాని గొంతు నరం కూడా కనిపిస్తుంది. ఏడేళ్ళ పని, పేరు బాగా వచ్చింది.

కాని కళాకారుల జీవితాలు రాసిన వసారి చెప్పేదేమంటే, లూకా ఒకనాడు కూర్చుని లెక్క వేసుకున్నారట. రాతికి, కంచుకు పట్టిన కాలమెంత, చేతికి వచ్చిందెంత అని. లెక్క కుదరలేదు. అప్పుడాయన మట్టి వైపు తిరిగారు. మట్టి చవక, చేతికి లొంగుతుంది, పని త్వరగా సాగుతుంది. దాని లోపమల్లా వానకు, ఎండకు నిలవకపోవడమే. దానికి లూకా ఒక పూత కనిపెట్టారు. సీసం, తగరం, ఇసుక కలిపి కాచి నూరిన గాజుపూత అది. ఒకసారి కాల్చిన మట్టిబొమ్మకు ఆ పూత పూసి మళ్ళీ ఆవంలో పెడితే పాలమీగడ లాంటి తెల్లని మెరుపు వస్తుంది. వాన కొట్టినా కరగదు. పింగాణీ గిన్నెలకు అటువంటి పూత అంతకు ముందే ఉంది. దానిని పెద్ద ప్రతిమలకు నిలిచేలా తెచ్చినవారు లూకా. మనకు తెలిసినంతలో ఆయన ఈ పూతను మొదట వాడిన పని 1441, 1442 సంవత్సరాల్లో ఒక ఆసుపత్రి గుడికి చేసిన దివ్యసత్ప్రసాదపు గూడు. ఈ కుటుంబం మట్టి మొదటి నుండీ రోగుల పక్కన, పేదల పక్కన ఉంది చూడండి.

లూకా పెళ్ళి చేసుకోలేదు. అన్న మార్కో కొడుకులను తన ఇంట పెంచారు. వారిలో ఒకడు 1435లో పుట్టిన ఆండ్రియా. ఇంటినీ పనిశాలనూ వేరు చేసే గోడ లేని బతుకు వాళ్ళది. మట్టిలోంచి రాళ్ళు ఏరడం, నీళ్ళలో కలిపి వడగట్టడం, అచ్చులో నొక్కడం, పెద్ద బొమ్మయితే పచ్చిగా ఉండగానే ముక్కలుగా కోసి వెనుకవైపు గుల్ల చేయడం, ఇదంతా ఆండ్రియా చిన్నాన్న పక్కన నిలబడి నేర్చుకున్నారు. గుల్ల చేయకపోతే లోపల తడి మిగిలి ఆవంలో పగులుతుంది. మా పిల్లల మొదటి ఆవంలో సగం గొర్రెలు అలాగే పగిలాయి. పెద్దాయన ముందే చెప్పారు, వాళ్ళు వినలేదు.

1471లో లూకా వీలునామా రాశారు. అది నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆస్తి పెద్ద భాగం ఆయన సిమోన్ అనే మరో అన్నకొడుకుకు రాశారు. తనకు ఎంతో ఇష్టమైన ఆండ్రియాకు పనిశాల తప్ప పెద్దగా ఏమీ రాయలేదు. కారణం కూడా ఆ పత్రంలోనే చెప్పారు. ఆండ్రియాకు తాను పని నేర్పానని, ఆ పనితో అతడు తన కుటుంబాన్ని గౌరవంగా పోషించుకోగలడని, కాబట్టి మిగిలిన ఆస్తి పని రానివానికి చెందడం న్యాయమని. చేతికి వచ్చిన విద్యను ఆయన ఆస్తి పంపకంలో ఒక వాటాగా లెక్కకట్టారు. మట్టిపని చదువుకు అడ్డమా అని అడిగిన ఆ తల్లికి ఈ వీలునామాను మొదటి జవాబుగా చెప్పాలనుకున్నాను. మన జిల్లాల్లో ఆస్తి పంపకాల దగ్గర ఎన్ని తలలు పగిలాయో ఎరిగినవాణ్ణి కనుక కూడా ఇది నాకు నచ్చింది.

లూకా 1482లో చనిపోయారు. పనిశాల భారం ఆండ్రియా మీద పడింది. అప్పటికాయనకు నలభై ఆరేళ్ళు, ఇంటి నిండా పిల్లలు. ఆయన చిన్నాన్న కంటే ఎక్కువగా అచ్చులు వాడారు. ఒకే మరియతల్లి ప్రతిమను పదిసార్లు, ఇరవైసార్లు తీసి అమ్మారు. గొప్పింటివారు పాలరాతి విగ్రహం కొంటే, మామూలు గృహస్థులు ఆండ్రియా మట్టి మాతను తెచ్చి గోడకు తగిలించుకున్నారు. ఇది బజారు సరుకని కొందరు విమర్శకులు ముక్కు విరుస్తారు. నాకు మాత్రం పేదింటి గోడ మీది మాత తక్కువగా కనిపించదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఫ్లోరెన్సులో నిర్దోషుల ఆశ్రమం అని ఒకటుంది. హేరోదు చంపించిన బెత్లెహేము పసిపిల్లల పేరు మీద పెట్టిన ఆశ్రమం అది. ప్రాతో ఊరి వర్తకుడు ఒకాయన 1410లో చనిపోతూ విడిచిపెట్టబడిన బిడ్డల కోసం 1000 బంగారు ఫ్లోరిన్లు వదిలి వెళ్ళాడు. పట్టు వర్తకుల సంఘం ఆ బాధ్యత తలకెత్తుకుంది. 1419లో బ్రూనెల్లెస్కి అనే మహాశిల్పి చేత కట్టడం మొదలుపెట్టించింది. 1445లో తలుపులు తెరిచారు. ఫిబ్రవరి 5న, పునీత అగాతమ్మ పండుగ నాడు, మొదటి బిడ్డ వచ్చింది. ఆడబిడ్డ. అగాతా అని పేరు పెట్టారు. ఆ తరువాత వచ్చినవారిలో కూడా ఆడబిడ్డలే ఎక్కువ. ఎందుకో మీకు నేను చెప్పనక్కరలేదు.

బిడ్డను వదలడానికి వరండాలో తొట్టి వంటి రాతి పళ్ళెం ఉండేది. దానికి ఇరుపక్కలా మరియతల్లి, యోసేపుగారి మట్టి ప్రతిమలు పెట్టారు. ఏ తల్లి ఏ అర్ధరాత్రి తన బిడ్డను అందులో పడుకోబెట్టినా ఆ బిడ్డ పశువుల పాకలో బాలయేసు ఉన్న చోట ఉన్నట్లే. తరువాతి కాలంలో కొందరు తల్లులు ఒక పతకాన్నో నాణేన్నో రెండుగా విరిచి సగం బిడ్డ దగ్గర పెట్టి, సగం తమ దగ్గర దాచుకునేవారు. ఎప్పటికైనా తిరిగి వచ్చి నా బిడ్డ అని చెప్పుకోవాలని. ఆ సగం ముక్కలు ఇప్పటికీ అక్కడి ప్రదర్శనశాలలో ఉన్నాయి. మన పక్కన తమిళనాడులో 1992లో ప్రభుత్వమే ఊయలలు పెట్టి, ఆడబిడ్డను చంపవద్దు, ఇందులో వదలండి అని చెప్పవలసి వచ్చిందంటే ఆ రాతి పళ్ళెం మనకు మరీ దూరపు సంగతి కాదు.

ఆశ్రమం బిడ్డలను పల్లెల్లోని పాలిచ్చే తల్లులకు జీతం మీద అప్పగించేది. పెద్దయ్యాక మగపిల్లలకు పనులు నేర్పించేది, ఆడపిల్లలకు పట్టు నేత నేర్పి కట్నమిచ్చి పెళ్ళి చేసేది. దీనికంతటికీ ఖర్చు. బిడ్డలు వందల్లో చేరారు, డబ్బు చాలలేదు. పాలదాదుల జీతాలు ఆగితే బిడ్డ ప్రాణమే పోతుంది. చాలామంది పసివాళ్ళు నిలవలేదు కూడా. 1480ల నాటికి ఆశ్రమం అప్పుల్లో మునిగి ఉంది. అటువంటి వేళ 1483లో ఫ్రాంచెస్కో తేసోరి అనే ఆయన పెద్దగా వచ్చారు.

ఆయన చేసిన పని వింటే మన విచారణ సలహా సంఘాలు ఒప్పుకునేవా అని అనుమానం. అప్పులున్న ఇంట్లో ఆయన బొమ్మలు చేయించారు. 1485లో గుడి పెద్ద పీఠానికి ముగ్గురు జ్ఞానుల చిత్రం గీయమని గిర్లాండయో అనే చిత్రకారునితో ఒప్పందం రాసుకున్నారు. అందులో జ్ఞానులతో పాటు తెల్లబట్టల్లో ఇద్దరు పసిపిల్లలు మోకరించి ఉంటారు. 1487 ప్రాంతంలో ఆండ్రియాను పిలిచి వరండా వైపు చూపించారు. బ్రూనెల్లెస్కి కట్టిన ఆ వరండాలో కమానుకు, కమానుకు మధ్య ఒక గుండ్రని గుంట ఉంది. ఆశ్రమం తెరిచి నలభై ఏళ్ళు దాటినా అవి ఖాళీగానే ఉన్నాయి. వాటిలో ఏదైనా చేయండి అన్నారు. ఆండ్రియా పదిమంది బిడ్డలను చేశారు.

ఆ బిడ్డలు ఎలా ఉంటారో చెబుతాను. నీలి ఆకాశం లాంటి గుండ్రని పలక. అందులో నిలువుగా, తెల్లగా, పొత్తిగుడ్డల్లో ఒక బిడ్డ. పసివాళ్ళను నడుము నుండి పాదాల దాకా పట్టీలతో బిగించి చుట్టడం ఆ దేశపు అలవాటు. రెండు చేతులూ ఇరువైపులా కొంచెం చాచి ఉంటాయి, అరచేతులు మన వైపు. ఎత్తుకోమన్నట్లు. పదిమందిలో ఏ ఇద్దరూ ఒకలా లేరు. ఒకరి పట్టీలు గట్టిగా ఉన్నాయి, ఇంకొకరివి వదులై జారుతున్నాయి. ఒకరు పక్కకు చూస్తారు, ఒకరు కిందికి. ఇంటికి కావలసిన మాతలను ఒకే అచ్చులో పదులు తీసిన మనిషి, దిక్కులేని బిడ్డల దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఒక్కరికీ వేరే ముఖం ఇచ్చారు. ఒక్కరు కూడా ఏడవడం లేదు. ఒక్కరు కూడా ఎండిపోయి, ఎముకలు తేలి లేరు. లోపల ఆశ్రమంలో ఆకలి ఉంది, మరణం ఉంది. ఆండ్రియాకు అది తెలియదనుకోలేం. తన ఇంట్లో కూడా పసివాళ్ళను పెంచిన తండ్రి. అయినా గోడ మీద పెట్టింది మాత్రం బొద్దుగా, అందంగా, ఎవరైనా నా బిడ్డ అని చెప్పుకోవాలనిపించే పిల్లలను.

చదువరులు ఆ పది ప్రతిమలను నగరవాసులను దానమడిగే బిడ్డలనే చెబుతారు. చౌకులో నడిచే ప్రతి వర్తకుడు, ప్రతి గృహిణి తల ఎత్తితే వాళ్ళే. అంతకు ముందు ఆ గోడ వెనుక ఉన్నవారు ఎవరి పాపానికో పుట్టినవారుగా చూడబడ్డారు. తల ఎత్తి చూస్తే పాపం కనబడలేదు, బిడ్డ కనబడింది.

ఇక్కడ నా తప్పు ఒకటి మీతో చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం వేరే చోట ఉన్నప్పుడు, వసతిగృహం పిల్లల కోసం దాతలకు ఒక కరపత్రం అచ్చు వేయించాను. దాని మీద పెట్టడానికి ఫోటోలన్నీ తిరగేసి, అందరికంటే దీనంగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. చొక్కా చినిగి, ముక్కు కారుతున్న ఒక పిల్లవాడు. డబ్బు వచ్చింది, బాగానే వచ్చింది. ఆ పిల్లవాడు ఏడో తరగతికి వచ్చాక ఒకరోజు ఆఫీసు అల్మరాలో మిగిలిన కరపత్రాల కట్ట వాని కంటబడింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. కత్తెర తెచ్చుకుని, వరండాలో కూర్చుని, ఒక్కొక్క కాగితంలో తన బొమ్మ ఉన్నంత మేర కత్తిరించసాగాడు. నేను చూసి ఎందుకురా అని అడిగితే, ఆ రోజు తనకు పెట్టెలో మంచి చొక్కా కూడా ఉందని, ఆటలో ఉన్నవాణ్ణి పిలిచి ఫోటో తీశారని చెప్పాడు. నాకు మాట రాలేదు. సెమినరీలో వేదాంతశాస్త్రం కంటే ముందు తత్వశాస్త్రం చదువుతాం. అరిస్టాటిలు చెప్పిన నాలుగు కారణాలు నోటికి అప్పజెప్పాను. ఒక వస్తువు దేనితో, ఏ రూపంలో, ఎవరి చేత, ఎందుకోసం అయ్యిందని. ఆ నాలుగోదాని గురించి నేను రాసిన పరీక్షకు ఆ రోజు మళ్ళీ మార్కులు వేసి ఉంటే సున్న వచ్చేది. ఎందుకోసం అన్నది మంచిదైతే చాలు, ఏ రూపంలో అన్నది పట్టించుకోనక్కరలేదు అనుకున్నాను. ఆండ్రియా అలా అనుకోలేదు.

ఆయన మిగిలిన జీవితం గబగబా చెబుతాను. అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ పంచగాయాలు పొందిన లా వెర్నా కొండ మీద గుళ్ళకు ఆయన చేసిన పెద్ద పలకలు ఉన్నాయి. సిలువ, మంగళవార్త, క్రీస్తు జననం. ఆ కొండగాలికి, మంచుకు చిత్రాలు నిలవవు, పూత పూసిన మట్టి నిలిచింది. దొమినిక్ సభ గురువు సవొనరోలా ఫ్లోరెన్సును తన ప్రసంగాలతో ఊపేస్తున్న రోజుల్లో ఆండ్రియా కొడుకులు ఇద్దరు ఆయన చేతుల మీదుగా సభ వస్త్రాలు ధరించారు. 1498లో సవొనరోలాను ఉరితీసి కాల్చారు. ఆ కుటుంబం ఆ దుఃఖాన్ని ఎలా మోసిందో ఊహించుకోండి. 1504లో మైకేలాంజెలో దావీదు విగ్రహాన్ని ఎక్కడ నిలపాలో తేల్చడానికి నగరం కూర్చోబెట్టిన కళాకారుల సభలో వృద్ధుడైన ఆండ్రియా కూడా ఉన్నారు. 1525లో, తొంబై ఏళ్ళకు కొద్ది నెలల ముందు, కన్నుమూశారు. దొనతెల్లో అంతటి శిల్పి పాడెను తాను యువకుడుగా ఉన్నప్పుడు మోశానని ముసలితనంలో గొప్పగా చెప్పుకునేవారట. దానిని చిన్నపిల్లవాడుగా విన్న వసారి తరువాత రాశారు.

పూత రహస్యం ఎంతోకాలం ఇల్లు దాటలేదు. చివరికి ఆండ్రియా ఇంట్లో మసలిన ఒక స్త్రీ ద్వారా బుల్యోని అనే మరో పనివానికి చేరిందని వసారి అంటారు. నిజమైతే మంచికే జరిగింది. పిస్తోయా ఊరి ఆసుపత్రి ముఖద్వారం మీద ఆ బుల్యోని శిష్యవర్గం వారు, ఆండ్రియా కొడుకు జొవాన్ని, 1520లలో ఆ మట్టితోనే పని చేశారు. ఆకలిగొన్నవారికి అన్నం, బట్ట లేనివారికి బట్ట, చెరలో ఉన్నవారికి పరామర్శ, ఇలా కరుణకార్యాలన్నీ వరుసగా రంగుల బొమ్మల్లో గోడంతా పరిచారు. ఆ ఆసుపత్రి పేరు చెప్పో. అంటే చెట్టు మొద్దు. బోలుగా ఉన్న మొద్దులో జనం కానుకలు వేసేవారట, ఆ పేరే నిలిచింది. మన గుడిలో కానుకల పెట్టెకు అది ముత్తాత అనుకోండి.

1990లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు బడిలో జాన్ హార్టమ్ అనే చిత్రలేఖనం మాస్టారు తన విద్యార్థుల చేత మట్టి గిన్నెలు చేయించారు. పింగాణీ పూత వేసి కాల్చి, వాటిలో సూపు పోసి బడివారికి వడ్డించారు. తిన్నవారు తోచింది ఇచ్చారు, ఆకలిగొన్నవారికి పోయింది. గిన్నె మాత్రం తిన్నవారే ఇంటికి తీసుకుపోవాలి, ఖాళీ గిన్నె లోకంలో ఇంకా ఉందని గుర్తుగా. ఆ పని తరువాత ఎన్నో ఊళ్ళకు పాకింది. మా పిల్లలకు ఈ సంగతి చెబితే సూపు బదులు రాగి సంగటి పెడదాం అన్నారు. ఆలోచిస్తున్నాం.

మట్టిపని చిన్నతనమని భావించేవారు మనలో ఇంకా ఉన్నారు, కులం పేరుతో కూడా. తెలుగులో రామాయణం రాసిన మొల్ల కుమ్మరింటి ఆడపడుచు. మన బద్వేలు దగ్గరి గోపవరం ఆమె ఊరని కడపవారు చెప్పుకుంటారు. యిర్మీయా ప్రవక్తను ప్రభువు పంపింది కూడా కుమ్మరి ఇంటికే. అందువల్ల మా కుమ్మరి పెద్దాయనను ఆదివారం పూజానంతరం అందరి ముందు సత్కరించబోయాం. ఆయన శాలువా వద్దని, ఒక బండి ఎండుకట్టెలు ఇప్పించమని అడిగారు, ఆవానికి.

ఫ్లోరెన్సులో ఆ వరండా ఇప్పటికీ ఉంది. 19వ శతాబ్దంలో చివర్లలో మరో నలుగురు బిడ్డలను చేర్చారు కాని మధ్యనున్న పదిమందే ఆండ్రియావారు. బిడ్డలను తీసుకునే కిటికీ 1875లో మూసేశారు. 2016లో అక్కడి ప్రదర్శనశాలను కొత్తగా తెరిచారు. ఆశ్రమంలో పెరిగినవారికి నిర్దోషులు అనే అర్థం వచ్చే ఇంటిపేరు పెట్టేవారు. ఇటలీలో ఆ ఇంటిపేరు గలవారు ఇవాళ కూడా ఉన్నారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన ముద్రలో పెట్టుకున్నది కూడా ఈ పదిమందిలో ఒకరినే.

ఆ తల్లికి ఇదీ నా జవాబు. పరీక్షల సంగతి నాకూ గుర్తుంది. పదో తరగతి పిల్లలను జనవరి నుండి మట్టి ముట్టనివ్వం. ఈ లోపు రెండో ఆవం వచ్చే శనివారం పెడుతున్నాం. మా విచారణవారిలో పాక బొమ్మలు కావలసినవారు ఆదివారం లోపు ఉపదేశిగారికి పేరు ఇవ్వండి. ఒంటెలు మాత్రం అడగకండి. వాటి కాళ్ళు ఇంకా ఆవంలో నిలవడం లేదు.